చీనీ తోటకు పనికొచ్చే కబురు ఎట్లా పట్టుకోవాలి

ఆరేళ్ల కిందట తాడిపత్రి బస్టాండులో బజ్జీలు కొన్నాను. కట్టిచ్చిన పేపరు ముక్క మీద చీనీ చెట్టు ఫొటో కనబడింది. నూనె మరకల మధ్య నుంచి చదివితే ఎండు వేరుకుళ్లు గురించిన వార్త అది. ఆకు పసుపెక్కి, కొమ్మలు పైనుంచి ఎండుతూ, చెట్టు నిండా కాయ ఉండగానే వాడిపోతుందని రాశారు. అచ్చం మా తోటలో జరుగుతున్నదే. నేనేమో నీళ్లు చాలడం లేదనుకుని రోజూ రెండు గంటలు ఎక్కువగా డ్రిప్పు వదులుతున్నాను. తేదీ చూస్తే వార్త వచ్చి మూడు వారాలైంది. అదే పేపరు మా ఇంటికీ వస్తుంది. లోపలి పేజీలు నేను తిప్పలేదు, అంతే. ఆ ఏడాది పదకొండు చెట్లు పోయాయి.

మాది పుట్లూరు మండలం. మా మామ నాటిన తోట, నాలుగెకరాలు, ఇరవై అడుగుల ఎడంతో 430 చెట్లు. కోస్తా వాళ్లు, తెలంగాణ వాళ్లు బత్తాయి అంటారు, మాకు చీనీ. మా ఆయన బెంగళూరులో డ్రైవరు, తోట నేనే చూసుకుంటాను. బజ్జీల పేపరు తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి ఇది. కొత్తగా తోట పెట్టినవాళ్లు, ముఖ్యంగా నాలాగా మగవాళ్లు ఊళ్లో లేని ఇళ్లవాళ్లు అడుగుతుంటే రాస్తున్నాను.

ముందు ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. వంటింటి తలుపు పక్కన మేకుకు తగిలించండి. పెన్నును దారంతో కట్టేయండి, లేకపోతే పిల్లలు బడికి ఎత్తుకుపోతారు. విన్నది, చదివింది ఏదైనా తేదీ వేసి రాయాలి, ఎక్కడ విన్నామో రాయాలి, మన తోటలో దానికి సంబంధించి ఏం కనబడిందో ఆ పక్కనే రాయాలి. ఈ మూడో గడి ఖాళీగా ఉంటే ఆ కబురు మనకు ఇంకా పనికి రాలేదని అర్థం. చెట్లకు వరస నంబరు, చెట్టు నంబరు పెట్టుకోండి. "ఏడో వరస, నాలుగో చెట్టు, పైకొమ్మ పసుపు" అని రాసుంటే, పది రోజుల తర్వాత పోయి చూసుకోవడానికి వీలుంటుంది.

రేడియోతో మొదలుపెడతాను, ఎందుకంటే చేతులు ఖాళీ లేకపోయినా చెవులు ఖాళీగానే ఉంటాయి. ఆకాశవాణి అనంతపురం, కడప కేంద్రాల్లో రైతుల కార్యక్రమాలు వస్తాయి. ఆ పూట టమాటా అని తెలియగానే కట్టేసే అలవాటు నాకూ ఉండేది. కట్టేయకండి, మధ్యలో వాతావరణమో, మార్కెట్టో, ఫలానా ఊళ్లో శిక్షణ ఉందనో చెబుతారు. మందు మోతాదు వినేటప్పుడు మాత్రం పెన్ను చేతిలో ఉండాలి. "లీటరు నీటికి 3 గ్రాములు" అన్నారా, "ఎకరాకు" అన్నారా అన్నదే అసలు సంగతి. లీటరుకు 3 గ్రాములంటే మన రెండు వందల లీటర్ల డ్రమ్ముకు 600 గ్రాములు. ఆ లెక్క అప్పటికప్పుడే వేసి రాసుకోండి. తోటలో నిలబడి, కూలీలు ఎదురుచూస్తుంటే, చేతివేళ్ల మీద లెక్కేస్తే తప్పు పోతుంది.

ఫోన్‌లో అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ ఉంది, 1800-180-1551. పైసా ఖర్చుండదు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది వరకు పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. చాలామంది ఒకసారి చేసి "వాళ్లకేం తెలీదప్పా" అని వదిలేస్తారు. మనం అడిగే తీరు కూడా చూసుకోవాలి కదా. "చెట్టు ఎండిపోతోంది, ఏం కొట్టాలి?" అంటే ఎవరైనా ఏం చెబుతారు? డాక్టరు దగ్గరికి పోయి "ఒళ్లు బాగోలేదు" అని ఊరుకున్నట్టు ఉంటుంది. నేను ఫోన్ చేసే ముందు నోటుబుక్కులో ఇవన్నీ రాసుకుంటాను: చెట్టు వయసు, నేల ఎర్రదా నల్లదా, బోరు నీళ్లా, డ్రిప్పా పాదులా, ఎన్ని చెట్లకు వచ్చింది, అవి పక్కపక్కన ఉన్నాయా చెదురుగా ఉన్నాయా, ముదురాకు మీద మొదలైందా లేత చిగురు మీదా, నెల రోజుల్లో ఏం కొట్టాం, ఏ ఎరువు వేశాం. ముదురాకా లేతాకా అన్న ఒక్క ముక్కతోనే సగం తేలిపోతుంది. జింకు, ఇనుము లోపాలు లేత ఆకుల్లో కనబడతాయి, నత్రజని, మెగ్నీషియం లోపాలు ముదురాకుల్లో. ఇది తెలియక నేను రెండేళ్లు ప్రతి పసుపాకుకూ యూరియానే వేశాను.

పేపర్లో జిల్లా పేజీలే మనవి. ముందు ధరలు చూడండి, కానీ గరిష్ఠ ధర చూసి సంబరపడకండి. టన్ను గరిష్ఠం ముప్పై వేలు, కనిష్ఠం పన్నెండు వేలు అని పడిందనుకుందాం. ఆ ముప్పై వేలు ఏ ఒక్క బండికో, పెద్ద సైజు, నున్నటి కాయకు పలికి ఉంటుంది. మంగు పట్టి తోలు గోధుమ రంగుకు తిరిగిన కాయ లోపల రసం ఎంత బాగున్నా కింది ధరకే పోతుంది. మోడల్ ధర అని ఇంకోటి ఉంటుంది, ఆ రోజు ఎక్కువ సరుకు ఆ ధరకు అమ్ముడుపోయిందని దానర్థం. మనం బేరానికి కూర్చునేది దాని మీదే. వరసగా పదిహేను రోజులు రాసుకుంటే ధర ఎక్కుతోందా దిగుతోందా తెలుస్తుంది.

సూట్ల సంగతి, అంటే వ్యాపారి తూకంలో తీసేసే కోత, పేపరు ధరలో ఉండదు. తోట దగ్గర అమ్మితే టన్నుకు వంద కిలోలు సూట్ల కింద తీసేసే వ్యాపారులు ఉన్నారు. ఇరవై వేలకు బేరమై పది టన్నులు కోస్తే రెండు లక్షలు రావాలి. సూట్లు పోతే తొమ్మిది టన్నులకే లెక్క కడతారు, చేతికి లక్షా ఎనభై వేలు. అంటే మనకు పలికిన ధర పద్దెనిమిది వేలన్నమాట. ఇద్దరు వ్యాపారులు వస్తే ఎవరి ధర ఎక్కువో ఇట్లా తీసేసిన తర్వాతే పోల్చాలి. సూట్లు లేకుండా పంతొమ్మిది వేలు ఇస్తానన్నవాడు మేలు. ఒకసారి ఒక వ్యాపారి నాతో ఇరవై రెండు వేలని నోటిమాటగా ఒప్పుకుని, సగం తోట కోశాక "మార్కెట్ పడిపోయింది వదినా" అన్నాడు. ఆ రోజు పేపరు నా చేతిలోనే ఉంది, ధర పడలేదు. పేపరు చూపిస్తే తలగోక్కున్నాడు గానీ మొత్తం ఇవ్వలేదు. అప్పటినుంచి బేరం, కాటా ఎక్కడ, సూట్లు ఎంత, డబ్బు ఎప్పుడు అన్నవి కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకుంటున్నాను.

వాతావరణానికి వస్తే, మంగళవారం, శుక్రవారం వారానికి రెండుసార్లు రైతులకని సలహాల బులెటిన్ వస్తుంది, రాబోయే ఐదు రోజుల వాన, ఎండ, గాలి అంచనాతో. మేఘదూత్ యాప్‌లో తెలుగులో దొరుకుతుంది. మనది వాన తక్కువ పడే జిల్లా. రెండు వానలు ముందూ వెనకా అయితే లెక్కంతా మారిపోతుంది. మందు కొట్టే రోజు, ఎరువు వేసే రోజు, చెట్లను వాడు పెట్టే (పూత కోసం కొన్నాళ్లు నీళ్లు ఆపే) రోజు ఈ మూడింటికీ బులెటిన్ చూడకుండా నేను గడప దాటను. జనవరి పూతకని చెట్లను వాడు పెట్టాక మధ్యలో గట్టి వాన పడితే పూత చెల్లాచెదురుగా వస్తుంది. వానను మనం ఆపలేం, కానీ వస్తుందని తెలిస్తే పాదుల్లో నీళ్లు నిలవకుండా కాలువ తీసుకోవచ్చు.

ఇక సెల్‌ఫోన్లో వచ్చే వీడియోలు. నేను వద్దనను, రాత్రి పూట నేనూ చూస్తాను. అయితే మూడు చూసుకోవాలి: ఏ ఊరిది, ఏ చెట్టు, ఎప్పటిది. మా పక్క తోట పిల్లవాడు నాగపూర్ వీడియో చూసి చెట్లకు నెలన్నర నీళ్లు ఆపాడు. అక్కడిది కమలా, లోతైన నల్లరేగడి. మనది గరుగు కలిసిన ఎర్రనేల, అడుగు లోతు తడి పది రోజులు ఆగదు. ఆకు రాలడం మొదలయ్యాక వాళ్లమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది. మన నేలల్లో ఆకు వాడి, కొద్దిగా ముడుచుకోగానే నీళ్లు పెట్టాలి, రోజుల లెక్క కాదు. వీడియోలో చెప్పినాయన అబద్ధం చెప్పలేదు, మన నేలకు చెప్పలేదంతే.

ఎప్పటిది అన్నదీ చిన్న విషయం కాదు. నా నోటుబుక్కులోనే పాత పేజీల్లో మంగుకు డైకోఫాల్ అని ఉంది. 2023లో కేంద్రం నిషేధించిన మందుల్లో అదొకటి. ఇప్పుడు దాని మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టాను. పాత కాగితాలు దాచుకున్నవాళ్లు ఏడాదికోసారి ఉద్యాన శాఖ వాళ్లకో, శాస్త్రవేత్తలకో చూపించి కొట్టివేతలు చేసుకోవాలి.

అన్నిటికన్నా నాకు ఎక్కువ మేలు చేసింది మనుషుల దగ్గరికి స్వయంగా పోవడం. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే) ఉంది, రేకులకుంటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. చీనీ, నిమ్మల కోసమే తిరుపతిలో పరిశోధన స్థానం ఉంది. ఊళ్లోనే రైతు సేవా కేంద్రం, అక్కడ ఉద్యాన సహాయకులు. శిక్షణ ఎప్పుడో వాళ్లను అడిగి, పేరు, ఫోన్ నంబరు ముందే రాయించండి. పేపర్లో పడేసరికి తరచుగా అది అయిపోయి ఉంటుంది, "శిక్షణ ముగిసింది" అని ఫొటోతో వేస్తారు.

పోయేటప్పుడు వట్టి చేతులతో పోకండి. తెగులు మొదలైన చెట్టు కొమ్మ ఒకటి, ముదురాకు, లేతాకు రెండూ ఉండేట్టు. బాగున్న చెట్టు కొమ్మ ఇంకోటి, పోల్చుకోవడానికి. పాదు అంచున తవ్వి పిల్లవేర్లు మట్టితో సహా. పూర్తిగా ఎండిన చెట్టు వేరు తీసుకుపోతే లాభం లేదు, అందులో ఏది ముందు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. పేపర్లో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో మూతి కడితే ఎండకు చెమట పట్టి దారిలోనే కుళ్లుతుంది. నేను మొదటిసారి అట్లాగే కట్టి తీసుకుపోయాను, విప్పితే కంపు. శాస్త్రవేత్త నవ్వి, మళ్లీ తెమ్మన్నారు. మట్టి పరీక్షకు అయితే పండ్ల తోటల్లో పైమట్టి ఒక్కటే చాలదు, గుంత తీసి ఒక్కో అడుగు లోతుకూ విడిగా మట్టి తీయాలి.

శిక్షణలో ముందు వరసలో కూర్చోండి. ఆడవాళ్లు వెనక కుర్చీల్లో కూర్చుంటే టీ కప్పులు మన దాకా వస్తాయి గానీ మాట రాదు. స్లయిడ్లు వేసి చెప్పేటప్పుడు కాదు, చేసి చూపించేటప్పుడు లేచి దగ్గరికి పోవాలి. చెట్టు మొదళ్లకు పూసే రాగి మందు, బోర్డో పేస్టు, నేను అట్లా నేర్చుకున్నాను. కిలో మైలుతుత్తం ఐదు లీటర్ల నీళ్లలో, కిలో సున్నం ఇంకో ఐదు లీటర్లలో విడివిడిగా కరిగించాలి. ప్లాస్టిక్ బకెట్లే వాడాలి, ఇనుము తగలకూడదు, కట్టెతో కలపాలి. సున్నం నీళ్లు వడకట్టి, తుత్తం నీళ్లు మెల్లగా అందులో పోస్తూ కలపాలి. తర్వాత మెరుగు పెట్టిన కొడవలి మొన ముంచి చూడాలి. ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదని, ఇంకొంచెం కలపాలి. ఈ ముక్క నేను అంతకుముందు మూడుసార్లు చదివాను, ఆ ఎరుపు కంటితో చూసినాకనే బుర్రకెక్కింది. చేసిన రోజే మొదళ్లకు రెండు మూడు అడుగుల ఎత్తు దాకా పూసేయాలి, మరునాటికి దాచకూడదు. వానలకు ముందోసారి, వెనకోసారి. బంక కారే చోట ముందు చాకుతో చెడిన బెరడు గీకి, ఆ మీద పూస్తాం.

వేరుకుళ్లుకు పాదుల్లో మందు పోయడం, పశువుల ఎరువులో ట్రైకోడెర్మా మాగబెట్టి వేయడం కూడా అక్కడే చెప్పారు. రాగి మందు పోసిన వెంటనే ట్రైకోడెర్మా వేస్తే ఆ మంచి శిలీంధ్రం కూడా చస్తుంది. రెండింటికీ ఎన్ని రోజుల ఎడం ఉండాలో మీ తోట చూసినవాళ్లనే అడగండి. పాదుల దగ్గర నాగలి లోతుగా దున్ని వేర్లు తెంపకపోవడం మాత్రం ఎవరినీ అడగకుండా ఈ రోజే మొదలుపెట్టొచ్చు.

పోయిన పదకొండు చెట్ల చోట కొత్త అంట్లు నాటేటప్పుడు రంగపూర్ నిమ్మ వేరుమూలం (అంటు కట్టే కింది మొక్క) మీద కట్టినవే తెచ్చాను. మా మామ కాలపువి జంబేరి మీదవి. నర్సరీలో ఈ మాట అడిగి బిల్లు మీద రాయించుకోండి. అంటు కట్టిన చోటు నేలకు పైనే ఉండేట్టు నాటండి, మట్టి ఎగదోసి కప్పేస్తే తెగుళ్లకు దారి ఇచ్చినట్టే.

సబ్సిడీ వార్తలకు పెద్ద కథ లేదు. చదివిన రోజే పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులతో రైతు సేవా కేంద్రానికి పోండి, ఆఖరు తేదీ అడగండి, ఇచ్చిన దరఖాస్తుకు రసీదు తీసుకోండి. పంట నమోదు కాకపోతే చాలా చోట్ల మాట కూడా వినరు, అది ముందు చూసుకోండి.

మా నోటుబుక్కు అట్ట లోపలి వైపు ఫోన్ నంబర్లు రాసుకున్నాను, కిసాన్ కాల్ సెంటరు, ఉద్యాన సహాయకురాలు, కేవీకే, కాటా దగ్గరి మనిషి. దాని కింద ఆ బజ్జీల పేపరు ముక్క అతికించి ఉంది. నూనె ఇప్పటికీ ఆరలేదు, పక్క పేజీకి కూడా మరక పాకింది.