పెయిర్స్ ఫిగర్ స్కేటింగ్ చూస్తూ మనమే స్కోర్ వేసుకోవడం ఎలా?

వింటర్ ఒలింపిక్స్ వచ్చినప్పుడల్లా పెయిర్స్, అంటే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి జంటగా ఐస్ మీద చేసే స్కేటింగ్, చూసేవాళ్లకి ఒకటే డౌట్, ఆ అమ్మాయి ధడేల్మని పడింది కదా మరి వీళ్లకి అన్ని పాయింట్లెలా వచ్చాయి, ఎక్కడా పడని జంట కింద ఎందుకుంది అని. జడ్జిలు అమ్ముడుపోయారు అనేస్తే పని అయిపోతుంది, కానీ ఇప్పుడున్న లెక్క అంత సింపుల్ కాదు. ఈ లెక్క వచ్చిందే ఒక గొడవ వల్ల. 2002 సాల్ట్ లేక్ సిటీలో రష్యా జంట బెరెజ్నయా, సిఖరులిద్జె జడ్జిల ఓట్లలో 5-4 తేడాతో కెనడా జంట సాలే, పెల్తియేని దాటి గోల్డ్ కొట్టారు, తర్వాత ఫ్రాన్స్ జడ్జి మీద ఒత్తిడి తెచ్చారని రచ్చరచ్చ అయ్యి చివరికి కెనడా వాళ్లకి కూడా గోల్డ్ ఇచ్చారు. ఆ దెబ్బకి ఆరుకి మార్కులేసే పాత 6.0 పద్ధతి పోయింది, 2006 టురిన్ ఒలింపిక్స్‌లో కొత్త పాయింట్ల పద్ధతి దిగింది.

ముందు ఒక పేపర్ తీసుకుని మూడు గళ్లు గీయండి. మొదటి దాంట్లో ఏం చేశారు, రెండో దాంట్లో ఎంత బాగా చేశారు, మూడో దాంట్లో మొత్తం ప్రోగ్రామ్ ఎలా ఉంది. మొదటి గడి అసలు జడ్జిల చేతుల్లో ఉండదు, చాలామందికి తెలియని విషయం ఇదే. టెక్నికల్ ప్యానెల్ అని వేరే టీమ్ ఉంటుంది, వాళ్లు రీప్లే చూసుకుని ఇది ట్రిపుల్ (గాల్లో మూడు చుట్లు), ఇది లెవెల్ 4 (లెవెల్ అంటే కష్టాన్ని బట్టి ఇచ్చే మెట్టు, 4 అన్నిటికంటే పైది), ఇక్కడ తిరగడం తక్కువైంది అని తేలుస్తారు. జడ్జిలు తొమ్మిది మంది వరకూ ఉంటారు, వాళ్లు క్వాలిటీకీ, ప్రోగ్రామ్‌కీ మాత్రమే మార్కులేస్తారు.

ఇప్పుడు ఎలిమెంట్స్, అంటే మార్కులొచ్చే ఒక్కో విన్యాసం, రాసుకోండి. ప్రతి జంటా షార్ట్ ప్రోగ్రామ్, ఫ్రీ స్కేట్ అని రెండుసార్లు ఆడుతుంది, రెండు స్కోర్లూ కలుపుతారు. షార్ట్ ప్రోగ్రామ్ అంటే 2 నిమిషాల 40 సెకన్లు, అందులో ఏడు ఎలిమెంట్స్. లిఫ్ట్, ట్విస్ట్ (అమ్మాయిని పైకి విసిరి, ఆమె గాల్లో తిరిగాక అబ్బాయి మళ్లీ పట్టుకోవడం), త్రో జంప్ (అబ్బాయి విసిరితే అమ్మాయి తిరిగి తనే ఐస్ మీద దిగడం), ఇద్దరూ పక్కపక్కనే చేసే జంప్, స్పిన్, డెత్ స్పైరల్, ఫుట్‌వర్క్. ఫ్రీ స్కేట్ 4 నిమిషాలు, అక్కడ లిఫ్టులు, త్రోలు ఎక్కువ. ప్రతి దానికీ బేస్ వాల్యూ అని ముందే ఫిక్స్ చేసిన ధర ఉంటుంది. ఆ టేబుల్ అంతా బట్టీ పట్టక్కర్లేదు, టీవీలో ఎడమవైపు పైన కనిపించే చిన్న బాక్స్‌లో ఒక్కో ఎలిమెంట్ అవగానే పాయింట్లు పెరుగుతూ కనిపిస్తాయి. దాంట్లో పసుపు లైట్ వెలిగితే టెక్నికల్ ప్యానెల్ దాన్ని మళ్లీ చూడబోతోందని అర్థం, కాబట్టి ఆ నంబర్ మీద అప్పుడే పందెం కాయకండి.

అసలు మజా రెండో గడిలో ఉంది. ఒక్కో జడ్జి ఒక్కో ఎలిమెంట్‌కి మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఇస్తారు. మీరూ ఇవ్వండి, కాకపోతే ఎక్కడ చూడాలో తెలియాలి. ట్విస్ట్‌లో అందరం అమ్మాయి గాల్లో ఎన్ని తిరిగిందో చూస్తూ ఉండిపోతాం, మీరు మాత్రం పట్టుకునే క్షణం చూడండి. అబ్బాయి రెండు చేతులతో నడుము దగ్గర నీట్‌గా అందుకుని, అమ్మాయి చెయ్యిగానీ ఒళ్లుగానీ అతనికి తగలకుండా దించితే అది మంచి ట్విస్ట్. బియ్యం బస్తా మీద పడ్డట్టు భుజం మీదకి వచ్చి వాలిపోతే ఎంత ఎత్తు ఎగిరినా ప్లస్‌లు రావు, లెవెల్ కూడా తగ్గొచ్చు. లిఫ్ట్‌లో పైకి ఎత్తాక ఫోటోలా ఎంత బాగుందో కాదు, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు తడబాటుందా, అబ్బాయి కాళ్లు స్పీడ్ తగ్గకుండా సాఫీగా తిరుగుతున్నాయా అన్నది చూడాలి. డెత్ స్పైరల్‌లో అబ్బాయి ఒక కాలి మొన ఐస్‌లో గుచ్చి అక్కడే తిరుగుతుంటాడు, అమ్మాయి ఒక్క చేతి పట్టుతో తల దాదాపు ఐస్‌కి ఆనేంత కిందికి వాలి చుట్టూ తిరుగుతుంది, అతను సరిగ్గా కూర్చోకుండానే, ఆమె కిందికి రాకుండానే అయిపోయిందా అని చూసుకోండి.

పక్కపక్కన చేసే జంపులు, స్పిన్నుల్లో ఒక్కరినే చూస్తే మోసపోతాం. ఇద్దరూ ఒకే టైమ్‌కి లేచారా, ఒకే టైమ్‌కి దిగారా, మధ్య దూరం ఎంత అన్నవి ముఖ్యం. ఒకళ్లు ట్రిపుల్ చేసి ఇంకొకళ్లు డబుల్‌తో ఆపేస్తే లెక్కలో అది డబుల్ కిందే పోతుంది.

మార్కులు కలపడం ఇలా. ఒక ఎలిమెంట్ బేస్ 5.0 అనుకుందాం. తొమ్మిది మంది 3, 3, 2, 3, 4, 2, 3, 3, 1 ఇచ్చారనుకోండి. ఎక్కువ ఇచ్చిన 4 ఒకటి, తక్కువ ఇచ్చిన 1 ఒకటి తీసేయాలి, మిగతా ఏడూ కలిపితే 19, ఏడుతో భాగిస్తే 2.71. ఒక్కో ప్లస్ అంటే బేస్‌లో పది శాతం, అంటే ఇక్కడ 0.5, కాబట్టి 1.36 కలిసి మొత్తం 6.36 వస్తుంది.

ఇప్పుడు ఆ 5.0 ఎలిమెంట్ ఒక త్రో అనీ, అందులో అమ్మాయి పడిపోయిందనీ అనుకోండి, జడ్జిలంతా మైనస్ 5 ఇచ్చారు. బేస్ నుంచి సగం పోయి 2.5 మిగిలింది, పడినందుకు విడిగా ఇంకో పాయింట్ కట్, ఇద్దరూ పడితే రెండు. అయినా చేతిలో 1.5 ఉంది! అదే భయపడి త్రో మొత్తానికి వదిలేస్తే సున్నా. అందుకే పడతామని తెలిసి కూడా కష్టమైన త్రోలకి వెళ్తుంటారు, పడినవాళ్లు పైన ఎందుకున్నారన్న డౌట్ చాలావరకు ఇక్కడే తీరిపోతుంది. ఇంకో తమాషా ఏంటంటే డ్రెస్ మీది ఈకో పూసో ఊడి ఐస్ మీద పడినా పాయింట్ పోతుంది.

మూడో గడికి మూడే హెడ్డింగులు, కంపోజిషన్, ప్రెజెంటేషన్, స్కేటింగ్ స్కిల్స్, ఒక్కోదానికి పదికి, పావు పావు లెక్కన. 2022కి ముందు ఐదుండేవి. పెయిర్స్‌లో ఆ మూడింటి మొత్తాన్ని షార్ట్‌లో 1.33తో, ఫ్రీలో 2.67తో గుణిస్తారు, అంటే 8.5, 8.75, 8.25 వస్తే షార్ట్‌లో దగ్గరదగ్గర 34, ఫ్రీలో 68. నాకైతే స్కేటింగ్ స్కిల్స్‌కి మార్కులేయడం అన్నిటికంటే కష్టం, టీవీలో స్పీడ్ సగం కూడా తెలియదు. ఒక చిట్కా ఉంది, ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్లడానికి ఎన్నిసార్లు కాలు తోస్తున్నారో లెక్కపెట్టండి, తక్కువ తోపులతో ఎక్కువ దూరం పోతే మంచి స్కేటర్లన్నట్టే.

ప్రాక్టీస్‌కి 2018 ప్యాంగ్‌చాంగ్ ఫైనల్ చూడండి. జర్మనీ జంట సావ్‌చెంకో, మాసో షార్ట్‌లో నాలుగో ప్లేస్, మాసో ట్రిపుల్ సాల్‌కావ్ (ఒక రకం జంప్) బదులు డబుల్ చేసేశాడు, 76.59 వచ్చింది. చైనా జంట సుయ్, హాన్ 82.39తో టాప్‌లో ఉన్నారు. మరుసటి రోజు ఫ్రీలో జర్మనీ వాళ్లు 159.31 కొట్టారు, చైనా వాళ్లు 153.08 దగ్గర ఆగారు, మొత్తం మీద 235.90కి 235.47, తేడా 0.43. (అప్పట్లో ప్లస్‌లు 3 దాకానే ఉండేవి, 5 చేసింది ఆ తర్వాతి సీజన్‌లో.) నాలుగేళ్లకి బీజింగ్‌లో సుయ్, హాన్ గోల్డ్ కొట్టారు, అక్కడ కూడా తేడా 0.63 మాత్రమే. ఇంత దగ్గరి పోటీల్లో ఒక లిఫ్ట్ లెవెల్ తగ్గినా మెడల్ రంగు మారిపోతుంది.

పోటీ అయ్యాక జడ్జిల మార్కుల షీట్ పీడీఎఫ్‌గా పెడతారు, ఒక్కో జడ్జి ఒక్కో ఎలిమెంట్‌కి ఏమిచ్చారో వరసగా ఉంటుంది, మీ పేపర్ దాని పక్కన పెట్టుకుని చూసుకోండి. 2002 తర్వాత చాలా ఏళ్లు ఏ మార్కు ఎవరిదో తెలియకుండా దాచేవాళ్లు, 2016లో ఆ దాపరికం తీసేశారు, ఇప్పుడు సొంత దేశం జంటకి ధారాళంగా మార్కులేసిన జడ్జి ఎవరో పేరుతో సహా కనిపిస్తుంది. ఒకట్రెండు పాయింట్ల తేడా మామూలే, కానీ ఒక ఎలిమెంట్‌కి మీరు ప్లస్ 3 వేస్తే వాళ్లంతా మైనస్ వేశారంటే రీప్లే పెట్టుకుని మళ్లీ చూడండి, ఎక్కువసార్లు ల్యాండింగ్‌లో రెండో కాలు ఆనిందనో, చెయ్యి తగిలిందనో దొరుకుతుంది.

ఐస్ మీద పెయిర్స్ పోటీ ఎదురుగా చూసే ఛాన్స్ మనకి తక్కువే, కానీ చక్రాల మీద ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లోనూ పెయిర్స్ ఉంది. మన హైదరాబాద్ స్కేటర్ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో సింగిల్స్‌తో పాటు అవనీ పంచల్‌తో కలిసి పెయిర్స్‌లో కూడా బ్రాంజ్ తెచ్చాడు. అక్కడ కూడా ఇప్పుడు ఇలాగే బేస్ వాల్యూ, క్వాలిటీ మార్కుల లెక్కే నడుస్తోంది, కాబట్టి దగ్గర్లో రోలర్ పోటీ జరుగుతుంటే ఇదే మూడు గళ్ల పేపర్ పట్టుకెళ్లి కూర్చోవచ్చు, ధరల టేబుల్ మాత్రం వాళ్లది వేరే ఉంటుంది, అది ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.