తోటలో లిల్లీలు: ఏది ఏదో తేల్చుకోవడం ఎలా?

లిల్లీ మొక్కల్ని రంగు చూసి పోల్చుకోబోతే తప్పకుండా పొరపడతాం. ఒకే జాతిలో రంగులు మారుతుంటాయి, తెల్లపూలేమో చాలా జాతులకు ఉంటాయి. మారనిది పువ్వు కట్టుబడి. కేసరాల అడుగు, పూలకాడ లోపలి భాగం, ఆకు మందం, గడ్డ పైపొర: ఈ నాలుగూ చూస్తే చాలావరకు తేలిపోతుంది. స్కేలు, పదునైన బ్లేడు దగ్గర పెట్టుకోండి. మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే లిల్లీ పూలు నేల సంపెంగ. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఎక్కువ తికమక స్పైడర్ లిల్లీ, క్రైనం దగ్గరే. రెండింటికీ సన్నగా వేలాడే తెల్లటి రేకులు, రెండూ సాయంత్రం విచ్చుకుని పరిమళిస్తాయి. పువ్వు మధ్యలోకి చూడండి. ఆరు కేసరాల అడుగుల్ని కలుపుతూ పల్చటి తెల్లపొర గిన్నె ఆకారంలో ఉండి, దాని అంచు నుంచి కేసరాలు లేస్తే అది స్పైడర్ లిల్లీ (హైమెనోకాలిస్). ఆ పొర లేకుండా కేసరాలు దేనికది విడిగా ఉండి, వాటి కాడలు పైకి పోయేకొద్దీ ఊదా ఎరుపుకి తిరిగితే క్రైనం ఏషియాటికం. విషముంగలి, కేసరి చెట్టు అని పిలిచేది దీన్నే.

పువ్వు లేనప్పుడు మొదలు చూడాలి. క్రైనంకి ఆకుల మొదళ్లు ఒకదాన్నొకటి చుట్టుకుని అరటి బోదెలాంటి లావాటి మొండెం కడతాయి. ఆకులు మూడు నాలుగడుగుల పొడవున అన్ని వైపులకూ విచ్చుకుంటాయి. స్పైడర్ లిల్లీకి అలాంటి బోదె రాదు, ఆకులు నేల దగ్గర నుంచే వంగుతాయి. అయితే చిన్న పిలకల్లో బోదె ఇంకా కట్టదు కాబట్టి వాటిని ఆకు చూసి తేల్చేయకండి, పూసేదాకా ఆగాల్సిందే. ఈ తేడా తెలియక క్రైనంని దారి పక్కన అడుగున్నర ఎడంతో నాటితే రెండు మూడేళ్లలో దారి మూసుకుపోతుంది. దానికి కనీసం మూడు నాలుగడుగులు వదలాలి. స్పైడర్ లిల్లీకి అడుగున్నర చాలు.

తెల్లటి వెడల్పు రేకుల మీద నిలువునా గులాబీ, ఎరుపు చారలుండే క్రైనంలు కూడా ఉన్నాయి. వీటిని అమరిల్లిస్ అనుకుంటారు. వాడిపోయిన పూలకాడని అడ్డంగా కోయండి. లోపల గొట్టంలా బోలుగా ఉంటే హిప్పియాస్ట్రం (మనం మామూలుగా అమరిల్లిస్ అని పిలిచేది), గట్టిగా నిండి ఉంటే క్రైనం. గింజలు కూడా సాక్ష్యమే: హిప్పియాస్ట్రంవి నల్లగా, కాగితంలా పల్చగా ఉంటాయి. క్రైనంవి ఆకుపచ్చగా, కండపట్టి, పెద్దగా ఉంటాయి.

మన కుండీల్లో అమరిల్లిస్ పేరుతో పూసేదంతా దాదాపు దక్షిణ అమెరికా మూలాలున్న హిప్పియాస్ట్రమే. అసలు అమరిల్లిస్ దక్షిణాఫ్రికాది, దాని కాడ నిండుగా ఉంటుంది. ఆకుల్లేకుండా పూసింది కదా, అమరిల్లిస్సే అనకండి. హిప్పియాస్ట్రం హైబ్రిడ్లు కూడా చాలాసార్లు ఆకుల కంటే ముందే పూస్తాయి.

రెయిన్ లిల్లీల్లో ఆకే బాగా పట్టిస్తుంది. తెల్లపూల జెఫిరాంథస్ కాండిడా ఆకు 3–4 మిల్లీమీటర్ల వెడల్పుతో, కండపట్టి, వేళ్ల మధ్య తిప్పితే గుండ్రంగా తగులుతుంది. గులాబీ రంగు కారినాటా ఆకు బల్లపరుపుగా ఉంటుంది, వెడల్పు 6–8 మిల్లీమీటర్లు, మొదట్లో తరచూ ఎర్రటి ఛాయ. గులాబీలోనే మరొకటి రోజియా. కారినాటా పువ్వు రెండు మూడంగుళాలుంటే రోజియా అంగుళం కాస్త పైన, గొంతు (పువ్వు లోపలి అడుగు) ఆకుపచ్చగా ఉంటుంది. కానీ ఇరుకు కుండీలో, ఎండ చాలనిచోట కారినాటా పువ్వు కూడా చిన్నదైపోతుంది. అందుకని ఒక్క పువ్వుని కొలిచి పేరు పెట్టకండి. నాలుగైదు పూలు చూడండి, గొంతు రంగు కలిపి చూడండి. పసుపు పూలు పూసి నల్లటి గింజలు విపరీతంగా రాల్చి పక్క కుండీల్లో కూడా మొలిచేది సిట్రినా. ఆ మొలకలు పక్క కుండీలోని మొక్కల్లో కలిసిపోయి ‘రంగు మారింది’ అనిపించేది దీనివల్లే.

బొకేల్లో వచ్చే ఏషియాటిక్, ఓరియంటల్ రకాలే అసలు లిల్లీలు. వాటి గడ్డకు ఉల్లిపొరలు ఉండవు, విడివిడి పొలుసులుంటాయి. ఆకులు నిలువు కాండం పొడవునా వస్తాయి. మైదాన ప్రాంతపు ఎండలకు ఇవి నిలవవు.

పై మొక్కల్లో ఉల్లిపొరల గడ్డలున్న వాటన్నిటిలోనూ లైకోరిన్ లాంటి విషాలుంటాయి, తింటే వాంతులవుతాయి. కోశాక చేతులు కడుక్కోండి. గడ్డలు తవ్వితే వంటింటి దరిదాపుల్లో పెట్టకండి. పూసిన రోజే ప్లాస్టిక్ పట్టీ మీద పెన్సిల్‌తో పేరు రాసి కుండీలో గుచ్చండి; మార్కర్ రాత ఎండకు వెలిసిపోతుంది.