జంప్ నొక్కినా పడకపోతే: రెట్రో సైబర్‌పంక్ యాక్షన్ ప్లాట్‌ఫార్మర్లలో సమస్యలు - పరిష్కారాలు

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు కూకట్‌పల్లి నుంచి చిక్కడపల్లిలోని మా ఇంటికి వచ్చి, హాల్లోని టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి సైబర్ షాడో అనే ఆట ఆడుతూ ఒకే బాస్ (దశ చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) దగ్గర రెండు రోజులు ఆగిపోయాడు. “మామయ్యా, నేను నొక్కుతూనే ఉన్నాను, వాడే దూకడం లేదు” అని చెప్పినప్పుడు, సాధన చాలక అలా అంటున్నాడని నేను కూడా మొదట అనుకున్నాను. కొలిచి చూశాక పిల్లవాడు చెప్పిందే నిజమని తేలింది.

2019లో వచ్చిన కటానా జీరో, 2020లో వచ్చిన హంట్‌డౌన్, 2021లో వచ్చిన సైబర్ షాడో వంటి, దూకుతూ పోరాడుతూ ముందుకు సాగే ప్లాట్‌ఫార్మర్ ఆటలు చూడటానికి ముప్పై ఏళ్ల కిందటి వీడియో గేముల్లా ఉంటాయి కాబట్టి, ఎంత పాత కంప్యూటర్‌లోనైనా ఇబ్బంది లేకుండా నడుస్తాయని చాలామంది అనుకుంటారు. బొమ్మల విషయంలో అది దాదాపు నిజమే కానీ, సమయం విషయంలో ఈ ఆటలంత కఠినమైనవి తక్కువ. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేము, అంటే తెర మీది ఒక్కో చిత్రం, 16.7 మిల్లీసెకన్లు మాత్రమే నిలుస్తుంది. కటానా జీరోలో ఒక్క దెబ్బ తగిలితే ఆ గదిని మళ్లీ మొదటి నుంచి ఆడవలసిందే. అందువల్ల చేతికీ తెరకూ మధ్య సమయం ఎక్కడ పోతున్నదో ముందు కనిపెట్టాలి. చేతిని తప్పుపట్టడం ఆ తరువాతి మాట. కింద చెప్పిన వాటిలో ఒకసారికి ఒక్క సెట్టింగును మాత్రమే మార్చి, ఆడి చూసి, ఆ తరువాతే రెండోదాని జోలికి వెళ్లండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

నొక్కిన కాసేపటికి గాని పాత్ర కదలడం లేదు

ముందుగా ఈ ఆలస్యాన్ని కొలవండి. ఫోన్ కెమెరాలో స్లో మోషన్‌ను సెకనుకు 240 ఫ్రేములకు పెట్టి, వేలూ తెరా రెండూ కనిపించేలా పట్టుకుని, జంప్ బటన్‌ను నాలుగైదు సార్లు నొక్కుతూ వీడియో తీయండి. తరువాత ఆ వీడియోను ఒక్కొక్క ఫ్రేముగా జరుపుతూ, బటన్ పూర్తిగా కిందికి దిగిన ఫ్రేము నుంచి పాత్ర కాలు నేల విడిచిన ఫ్రేము వరకు లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 4.2 మిల్లీసెకన్లకు సమానం. మా హాల్లో తీసిన వీడియోలో 31 ఫ్రేములు వచ్చాయి, అంటే దాదాపు 130 మిల్లీసెకన్లు. ఆటలో ఎనిమిది ఫ్రేములు అప్పటికే గడిచిపోయాయన్నమాట. బాస్ విసిరే గుండు దగ్గరకు వచ్చినప్పుడు నొక్కితే, ఆ నొక్కు ఆటకు చేరి తెర మీద కనిపించేసరికి గుండు తగిలి ఉంటుంది.

దీనికి మొదటి కారణం టీవీయే. సినిమాలు నునుపుగా కనిపించడానికి టీవీ ప్రతి చిత్రాన్నీ కాసేపు తన దగ్గర ఉంచుకుని, రంగులు సరిదిద్ది, మధ్యలో కొత్త చిత్రాలను కూడా చేర్చి అప్పుడు చూపిస్తుంది. సినిమాలో శబ్దాన్ని కూడా అంతే వెనక్కి జరుపుతుంది కాబట్టి తేడా తెలియదు. ఆటలో మాత్రం మన వేలిని ఎవరూ వెనక్కి జరపలేరు. టీవీ పిక్చర్ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. అది లేని పాత టీవీల్లో, ల్యాప్‌టాప్ తగిలించిన హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును పీసీ అని మారిస్తే కొన్నింటిలో అదే ఫలితం వస్తుంది. మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ వంటి వాటిని కూడా ఆపేయండి. మా టీవీలో గేమ్ మోడ్ పెట్టాక 31 ఫ్రేములు 14కు తగ్గాయి, ఆ సాయంత్రమే పిల్లవాడు బాస్‌ను దాటాడు.

టీవీని సరిచేశాక కూడా ఆలస్యం ఉంటే, ఆట సెట్టింగుల్లో వీసింక్ (ఫ్రేములను తెర వేగంతో జతచేసే సెట్టింగు) ఆపి చూడండి. వీసింక్ చిత్రం మధ్యలో చిరగకుండా కాపాడుతుంది కానీ, అందుకోసం తయారైన ఫ్రేమును వరుసలో నిలబెడుతుంది. బోర్డర్‌లెస్ విండోలో ఆడుతున్నవారు ఫుల్‌స్క్రీన్‌కు మారి చూడటం కూడా మంచిది. చిత్రం వేళకే వస్తూ శబ్దం మాత్రమే వెనకబడుతుంటే దోషం చాలావరకు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం తప్ప దానికి నమ్మకమైన మందు లేదు.

మూడు కీలు కలిపి నొక్కితే ఒకటి పడటం లేదు

ఎడమకు పరుగెత్తుతూ, పైకి గురిపెట్టి, జంప్ నొక్కినప్పుడు మాత్రమే పాత్ర ఎగరకపోతే, అది ఆట తప్పు కాదు. కీబోర్డులో ప్రతి కీకి విడిగా తీగ ఉండదు. కీలన్నీ అడ్డంగా, నిలువుగా అల్లిన తీగల వల మీద కూర్చుని ఉంటాయి. ఆ వలలో ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో ఉన్న కీలను ఒకేసారి నొక్కితే, నాలుగో మూలలో ఉన్న కీని కూడా నొక్కినట్లే సంకేతం వెళుతుంది. అటువంటి దొంగ నొక్కు రాకుండా, చవక కీబోర్డులు మూడో కీని అసలు లెక్కలోకే తీసుకోవు. ఆటలో శత్రువులు లేని చోట నిలబడి, ఎడమ బాణం, పై బాణం రెండూ పట్టుకుని, జంప్‌కు వాడదలచిన కీలను ఒక్కొక్కటే నొక్కి చూస్తే, మీ కీబోర్డు ఏ జతకు ఒప్పుకుంటుందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఒప్పుకున్న కీకి జంప్‌ను మార్చుకోండి. కొత్త కీబోర్డు కొనడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి వెళ్లేవారు ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకువెళ్లి, డబ్బు ఇవ్వకముందే ఈ పరీక్ష చేసి చూసుకోవాలి. పెట్టె మీద గేమింగ్ అని రాసి, లోపల రంగు దీపాలు పెట్టినంత మాత్రాన ఈ లోపం పోదు.

షిఫ్ట్, కంట్రోల్ కీలు సాధారణంగా మిగిలిన వలతో సంబంధం లేకుండా పనిచేస్తాయి కాబట్టి, డాష్‌కు (ఒక్కసారిగా ముందుకు దూసుకుపోవడానికి) షిఫ్ట్ పెట్టుకోవడం మంచి ఉపాయమే. అయితే షిఫ్ట్‌ను వరుసగా ఐదుసార్లు నొక్కితే విండోస్ స్టిక్కీ కీస్ అనే పెట్టెను తెరిచి ఆటను వెనక్కి నెట్టేస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉన్న కీబోర్డ్ పేజీలో, స్టిక్కీ కీస్ షార్ట్‌కట్‌ను ముందే ఆపేసుకోవాలి.

తెలుగులో టైపు చేసేవారికి మరో చిక్కు ఉంది. దీని గురించి ఇంగ్లీషు గైడ్లలో పెద్దగా కనబడదు, మనవాళ్లేమో కీబోర్డే పాడైందనుకుంటారు. తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఆన్‌లో ఉండగా ఆట తెరిస్తే, మనం నొక్కే జెడ్, ఎక్స్, సీ కీలను అక్షరాలుగా పోగుచేయడానికి ఆ టైపింగ్ సాధనమే పట్టుకుంటుంది. తెర మూలన పదాల సూచనలతో చిన్న పెట్టె కనిపించి, కత్తి మాత్రం కదలదు. కొన్ని కంప్యూటర్లలో ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారిపోతుంది కాబట్టి, ఆ రెండింటినీ ఆటకు కేటాయించుకున్నవారికి ఆట మధ్యలోనే ఈ సమస్య మొదలవుతుంది. ఆట తెరిచే ముందు విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషుకు మారండి. ఆల్ట్-షిఫ్ట్ అలవాటును కీబోర్డు భాషల సెట్టింగుల్లో శాశ్వతంగా తీసేయవచ్చు.

కంట్రోలర్ వదిలేసినా పాత్ర దానంతట అదే నడుస్తున్నది

కంట్రోలర్ మీద బొటనవేలితో కదిపే స్టిక్ కింద ఉండే చిన్న నిరోధక పట్టీ అరిగినా, దాని మీద దుమ్ము చేరినా, స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు కూడా కాస్త పక్కకు ఉన్నట్లు సంకేతం వస్తుంది. స్టార్ట్ మెనూలో సెటప్ యూఎస్‌బీ గేమ్ కంట్రోలర్స్ అని వెతికి, ప్రాపర్టీస్ తెరిస్తే ఒక చదరంలో చిన్న కూడిక గుర్తు కనిపిస్తుంది. చేయి తీసేసిన తరువాత కూడా ఆ గుర్తు నడిమధ్యకు రాకుండా వణుకుతూ ఉంటే స్టిక్ జారుతున్నదని నిర్ధారణ అయినట్లే. ఆటలోనో, స్టీమ్ (ఆటలు కొని నడిపే ప్రోగ్రాము) లోని కంట్రోలర్ సెట్టింగుల్లోనో డెడ్ జోన్‌ను, అంటే స్టిక్ కదిలినా ఆట పట్టించుకోని మధ్య భాగాన్ని, కొద్ది కొద్దిగా పెంచుతూ, వణుకు ఆగిన చోట వదిలేయండి. అవసరానికి మించి పెంచితే స్టిక్ మొద్దుబారుతుంది.

నిజానికి ఈ ఆటలకు స్టిక్ కంటే డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్లు) మేలని నా గట్టి అభిప్రాయం. సైబర్ షాడోలో ఎదురుగా వచ్చే గుండును తిప్పికొట్టాలంటే అది తగలబోయే క్షణంలో ఆ దిక్కుకు నొక్కాలి. జారే స్టిక్‌తో అది ఒకసారి పడితే రెండుసార్లు పడదు.

మెనూలో ఒక్కసారి కిందికి నొక్కితే రెండు వరుసలు దిగుతుంటే మాత్రం చాలావరకు కంట్రోలర్‌లో లోపం ఉండదు. ఆట నేరుగా ఒకసారి, స్టీమ్ ద్వారా మరోసారి అదే నొక్కును అందుకుంటున్నదని అర్థం. స్టీమ్ లైబ్రరీలో ఆ ఆట ప్రాపర్టీస్ తెరిచి, కంట్రోలర్ పేజీలో స్టీమ్ ఇన్‌పుట్‌ను ఆపేస్తే సరిపోతుంది.

పిక్సెళ్లు వంకరగా, మసకగా కనిపిస్తున్నాయి

ఇటువంటి ఆటలు చాలావరకు 320 x 180 లేదా దానికి దగ్గరి చిన్న పరిమాణంలో బొమ్మ గీసి, దాన్ని తెరకు సరిపడా పెంచుతాయి. 1920 x 1080 తెర మీద అది కచ్చితంగా ఆరు రెట్లు అవుతుంది కాబట్టి ప్రతి చుక్కా సమానంగా కూర్చుంటుంది. మన ఇళ్లలో ఇంకా కనిపించే 1366 x 768 ల్యాప్‌టాప్‌లో అది 4.27 రెట్లు కావలసి వస్తుంది. పావు చుక్కను గీయడం సాధ్యం కాదు కాబట్టి కొన్ని చుక్కలు నాలుగు గడుల వెడల్పుతో, కొన్ని ఐదు గడుల వెడల్పుతో వచ్చి, పాత్ర నడిచేటప్పుడు ముఖం ఉబ్బి తగ్గుతున్నట్లు కనిపిస్తుంది. సెట్టింగుల్లో పిక్సెల్ పర్ఫెక్ట్ లేదా ఇంటీజర్ స్కేలింగ్ అనే ఎంపిక ఉంటే దాన్ని పెట్టుకోండి. అప్పుడు బొమ్మ 1280 x 720కు పెరిగి, ఇరువైపులా 43 పిక్సెళ్ల చొప్పున, పైనా కిందా 24 చొప్పున నల్లటి అంచు మిగులుతుంది. నియాన్ బోర్డుల మీది అక్షరాలు సూటిగా కనిపించడానికి ఆ అంచును భరించడం తగిన ధరే. పాత టీవీ గీతలను అనుకరించే ఫిల్టర్ కూడా ఇలా పూర్ణాంక రెట్లు ఉన్నప్పుడే అందంగా ఉంటుంది. లేకపోతే తెర నిండా అలల వంటి చారలు వస్తాయి.

చుక్కలు సమానంగానే ఉన్నా మొత్తం మసకగా ఉంటే, విండోస్ డిస్‌ప్లే స్కేల్ 125 శాతంలో ఉన్నదేమో చూడండి. ఆట ఫైలు ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ పేజీలో హై డీపీఐ సెట్టింగులు తెరిచి, స్కేలింగ్ పనిని అప్లికేషన్‌కే అప్పగించాలి.

ఆట మరీ వేగంగా నడుస్తున్నది, లేదా కుదుపులతో సాగుతున్నది

కొన్ని ఆటల్లో కదలికల లెక్క ఫ్రేముల లెక్కతో ముడిపడి ఉంటుంది. 60కి తయారైన అటువంటి ఆటను 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకు 144 సార్లు చిత్రం మార్చేది) మీద వీసింక్‌తో, వేరే కళ్లెం లేకుండా నడిపితే 2.4 రెట్ల వేగంతో పరుగెడుతుంది. మరికొన్ని ఆటలు తమ వేగాన్ని 60 వద్దనే నిలుపుకుంటాయి కానీ, 75 హెర్ట్జ్ మానిటర్ మీద ప్రతి నాలుగు ఫ్రేముల్లో ఒకటి రెండుసార్లు కనిపించడం వల్ల పరుగులో కుదుపు తెలుస్తుంది. రెండింటికీ మందు ఒకటే: మానిటర్‌ను 60 హెర్ట్జ్‌కు మార్చి, వీసింక్ ఆన్‌లో ఉంచి ఆడటం.

అరగంట బాగా నడిచి, తరువాత నెమ్మదిస్తున్నది

హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆడితే ఇది తప్పదు. లోపలి వేడి హద్దు దాటగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గాలి పీల్చే రంధ్రాలను పరుపు మూయకుండా చెక్క బల్ల మీద పెట్టండి, ఫ్యాను రెక్కల మీది దుమ్మును ఏడాదికొకసారైనా దులిపించండి. ఫ్రేములను 60కి పరిమితం చేయడం కూడా వేడిని బాగా తగ్గిస్తుంది.

ఆట తెరవగానే డీఎల్‌ఎల్ ఫైలు లేదంటున్నది

డీఎల్‌ఎల్ అంటే ఆట నడవడానికి కావలసిన సహాయక ఫైలు. మైక్రోసాఫ్ట్ వారి విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్‌ను 32 బిట్, 64 బిట్ రెండూ వేసుకోండి. ఆ ఒక్క డీఎల్‌ఎల్‌ను ఎక్కడి నుంచో దింపుకుని ఫోల్డర్‌లో పడేయకండి; దానితో పాటు వైరస్ వచ్చే ప్రమాదం నిజంగా ఉంది.

సేవ్ పోయింది, లేదా అసలు సేవ్ కావడం లేదు

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచి కరెంటు పోయినప్పుడు డెస్క్‌టాప్ ఆగిపోతుంది. సరిగ్గా అదే క్షణంలో ఆట చెక్‌పాయింట్‌ను (మళ్లీ మొదలుపెట్టే చోటును) రాస్తూ ఉంటే ఫైలు సగంలో తెగిపోతుంది. సేవ్ ఫోల్డర్ తెరిచి చూస్తే ఫైలు పేరు ఉంటుంది, పరిమాణం మాత్రం 0 కేబీ అని కనిపిస్తుంది. అటువంటప్పుడు ఆటను వెంటనే మళ్లీ తెరవకండి, ఎందుకంటే అది ఖాళీ ఫైలు మీద కొత్త ఆటను రాసేస్తుంది. స్టీమ్ క్లౌడ్ (సేవ్ నకలును ఇంటర్నెట్‌లో దాచే) సదుపాయం ఉన్న ఆట అయితే, ఆట మొదలయ్యే ముందే కంప్యూటర్‌లోని సేవ్, క్లౌడ్‌లోని సేవ్ వేరుగా ఉన్నాయని ఒక ప్రశ్న రావచ్చు. తొందరపడి కొత్త తేదీ ఉన్నదాన్ని ఎంచుకోవద్దు. కరెంటు పోవడానికి ముందరి సమయం ఉన్నదే మీకు కావలసినది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా డెస్క్‌టాప్ ఆగిపోతున్నదంటే, ఇన్వర్టర్ మీది మీట మామూలు మోడ్‌లో ఉండి మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటున్నదేమో చూసి, యూపీఎస్ మోడ్‌కు మార్చండి.

కరెంటు పోకపోయినా ప్రతిసారీ ఆట మొదటికే వస్తుంటే, విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్ పేరు తెలుగు లిపిలో ఉన్నదేమో చూడండి. మన పేరు మన లిపిలో పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, అది సహజం కూడా. కానీ కొన్ని చిన్న ఆటలు ఇంగ్లీషు అక్షరాలు కాని దారిని చదవలేక, సేవ్ ఫైలును రాయకుండానే మౌనంగా ఊరుకుంటాయి. అకౌంట్ పేరు మార్చినంత మాత్రాన ఫోల్డర్ పేరు మారదు. ఇంగ్లీషు అక్షరాలతో మరో లోకల్ అకౌంట్ తెరిచి, అందులో ఆట నడిపి, మొదటి చెక్‌పాయింట్ దాటగానే బయటికి వచ్చి మళ్లీ తెరిచి చూడండి. మెనూలో కంటిన్యూ అనే వరుస కనిపిస్తే ఆటలు ఆ అకౌంట్‌లోనే ఆడుకుని, రాతకోతలు మాత్రం తెలుగు పేరున్న పాత అకౌంట్‌లోనే కొనసాగించవచ్చు.