పేరంటం జాకెట్టు ముక్కలతో తాంబూలం సంచులు

పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు బీరువాలో పేరుకుపోయాయా? వాటిని మళ్ళీ ఇంకొకరికి వాయనంలో పెట్టేసే బదులు బొందు సంచులు కుట్టి చూడండి. శ్రావణ మాసంలో తాంబూలం ఇవ్వడానికి ప్లాస్టిక్ కవర్ల కంటే ఎంతో నిండుగా ఉంటాయి.

కాటన్ ముక్కైతే ముందు గంటసేపు నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. కుదించుకుపోయేదేదో అప్పుడే కుదించుకుంటుంది. ఒక్కో సంచికి 10 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు చాలు. పన్నా, అంటే బట్ట వెడల్పు, 36 అంగుళాలుంటే మూడు సంచులొస్తాయి. కొబ్బరికాయ, రెండు పళ్ళు, ఆకూ వక్కా హాయిగా పడతాయి.

బట్టను పొడవులో సగానికి మడిచి రెండు పక్కలా కుట్టండి. కానీ పైన మూడు అంగుళాలు కుట్టకుండా వదిలేయాలి. అసలు కిటుకంతా ఇక్కడే. ఆ వదిలిన అంచుల్ని సన్నగా లోపలికి మడిచి కుట్టాక, పైభాగాన్ని అంగుళంన్నర కిందికి మడిచి కుడితే బొందు దూర్చే దారి తయారు. బొందును పిన్నీసుకు గుచ్చి ఒక పక్క నుంచి చుట్టూ తిప్పి అదే పక్కకు తీయండి, రెండోది అవతలి పక్క నుంచి. రెండూ లాగితే మూతి చక్కగా బిగుస్తుంది. ఒకే బొందు వేస్తే సంచి ఒక పక్కకు ఒరుగుతుంది, నాకైతే నచ్చదు.

పట్టు ముక్కలకు పోగులు ఊడిపోతాయి కాబట్టి లోపల పాత కాటన్ చీర లైనింగ్ వేయండి. తమలపాకుల తడి కూడా అంత త్వరగా పైకి రాదు.