అడవును విడదీసి చూడటం ఎలా?

భరతనాట్యంలో కాళ్లు, చేతులు కలిపి వేసే ప్రాథమిక అడుగును అడవు అంటారు. అది వేస్తున్నవాళ్లను చూసినప్పుడు మన కళ్లు ముందు చేతుల మీదికే పోతాయి. తప్పు మాత్రం చాలాసార్లు కాళ్లలోనే దొరుకుతుంది. అందుకే కింది నుంచి పైకి చూసుకుంటూ రావాలి. భరతనాట్యంలోని కుదిత్తు మెట్టు అడవునే తీసుకుందాం. ‘తై హత్ తై హి’ అనే లయ పలుకులతో వేస్తారు, అదే. తమిళంలో కుదిత్తు అంటే ఎగిరి, మెట్టు అంటే తొక్కడం. ఏం చేయాలో పేరులోనే ఉంది.

ముందుగా ఫోన్‌ను మోకాలి ఎత్తులో పెట్టి, పాదాల నుంచి తల దాకా పడేలా ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్క నుంచి వీడియో తీయండి. స్లో మోషన్ ఉంటే మరీ మంచిది. చిదంబరం గోపురాల మీద 108 కరణాలు చెక్కారు. కరణమంటే చేతులు, కాళ్లు కలిసి చేసే కదలిక, కానీ రాతిలో దాని ఒక్క క్షణమే నిలిచింది. ముందేం జరిగిందో, వెనకేం జరిగిందో ఊహించుకోవాల్సిందే. మనకు ఆ బాధ లేదు, వీడియోను వెనక్కి తిప్పుకోవచ్చు.

మొదటి దెబ్బకు ముందే ఆపి అరమండి, అంటే మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ, చూడండి. మోకాళ్లు పక్కలకు, పాదాల వేళ్లు తిరిగిన వైపే తెరుచుకోవాలి. పక్క నుంచి చూస్తే వీపు నిటారుగా ఉండాలి. నడుము వెనక్కి వంగి పిరుదులు బయటికి వచ్చాయంటే మిగతావన్నీ తర్వాత, ముందు అది సరిచేసుకోవాలి.

ఇప్పుడు వీడియో చూడకుండా శబ్దం మాత్రమే వినండి. ‘తై’కి రెండు పాదాల మునివేళ్ల మీదికి ఎగురుతాం, ‘హత్’కి మడమలు దించుతాం. అప్పుడు ‘ఠప్’ అని ఒకే దెబ్బ వినిపించాలి. ‘ఠ-టప్’ అని రెండుగా వినిపిస్తే బరువు ఒక కాలి మీద ముందు పడుతోందన్నమాట. నా చెవికి ఇది తెలియడానికి నెలలు పట్టింది. అప్పటిదాకా తాళం తప్పుతున్నానేమోనని ఒకటే టెన్షన్.

తర్వాత తల వెనక గోడ మీద ఒక టేపు ముక్క అంటించి మళ్లీ తీయండి. మడమలు లేచినంత మేర తల లేవడం మామూలే. అంతకంటే పైకి పోతోందంటే మోకాళ్లు నిటారైపోతున్నాయి, అరమండి పోయింది.

చేతుల దగ్గర రెండే చూసుకోండి: చేయి ‘తై’కి సరిగ్గా చేరుతోందా, దారిలో మోచేయి జారుతోందా. చూపు చేతి వెంటే వెళ్లాలి. నేలను వెతకకూడదు.

చివరగా మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, ఇదే వరస. మొదటి కాలంలో బాగున్నది మూడో కాలంలో ఎక్కడ చెడుతోందో పుస్తకంలో రాసుకోండి. నాకైతే ఎడమ మోచేయి. ఇప్పటికీ అదే.