ఆఫీసు బల్ల మీది ఉప్పునీటి అక్వేరియం: పగడాలు ముడుచుకుంటే ముందుగా చూడవలసినవి

20 లీటర్ల చిన్న ఉప్పునీటి తొట్టిలో ఏదైనా తేడా వస్తే, దాని లక్షణాలు చాలావరకు ఒకే వరుసలో బయటపడతాయి. మొదట మెత్తని పగడాలు లైటు వెలిగి గంటలు గడిచినా విచ్చుకోవు. ఆ తరువాత గాజును పట్టుకుని తిరగవలసిన నత్తలు జారి ఇసుక మీద వెల్లకిలా పడతాయి. ఈ దశలో చాలామంది మందులూ కొత్త లైట్లూ కొనడానికి పరుగెత్తుతారు. దయచేసి ఆగి, నీటిమట్టం ఎక్కడుందో చూడండి. తొట్టికి బయట నీటిమట్టం గుర్తు లేకపోతే, ఒక టేపు ముక్క అంటించి ఆ గుర్తు ఇప్పుడే పెట్టుకోండి.

సమస్య: నీరు గుర్తు కంటే దిగింది, పగడాలు ముడుచుకున్నాయి.
కారణం: ఆవిరయ్యేది నీరే కానీ ఉప్పు కాదు. 35 పీపీటీ (వెయ్యి గ్రాముల ఉప్పునీటిలో 35 గ్రాముల ఉప్పు) లవణతతో ఉన్న 20 లీటర్లలో ఒక లీటరు ఆవిరైతే అది దాదాపు 37కి, రెండు లీటర్లు పోతే దాదాపు 39కి చేరుతుంది. ఏసీ గదిలోని పొడి గాలికి ఇది త్వరగానే జరుగుతుంది.
పరిష్కారం: తగ్గిన మేరకు మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోయకూడదు. అది కూడా టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) సున్నాకు దగ్గరగా ఉన్న ఆర్‌ఓ నీరై ఉండాలి. ఖనిజాలను తిరిగి కలిపే తాగునీటి యంత్రం ఇందుకు పనికిరాదు. సెలవులకు ముందు సాయంత్రం గుర్తు వరకు నింపి వెళ్లండి.

సమస్య: నీటిమట్టం సరిగానే ఉంది, లవణత కొలిచే మీటరు 35 చూపిస్తోంది, వారం వారం నీరు మారుస్తున్నారు, అయినా పగడాలు విచ్చుకోవడం లేదు.
కారణం: మీటరే తప్పు చెబుతూ ఉండవచ్చు. నన్ను అన్నింటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టినది ఇదే. రిఫ్రాక్టోమీటరును (నీరు కాంతిని ఎంత వంచుతుందో చూసి లవణత చెప్పే మీటరు) మంచినీటి చుక్కతో సున్నాకు సరిచేసుకుని, ఇక అంతా సరిగ్గా ఉందని నమ్మడం చాలామందికి అలవాటు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న మీటరు 35 దగ్గర కూడా సరిగ్గా ఉంటుందన్న హామీ లేదు. పైగా మార్కెట్లో దొరికే వాటిలో కొన్ని సముద్రపు నీటికి కాక మామూలు ఉప్పు ద్రావణానికి తయారైనవి. ఒక తొట్టి విషయంలో అమోనియా, నైట్రేట్, క్షారత అన్నీ బాగానే ఉన్నా పగడాలు నెలల తరబడి వాడిపోతూ వచ్చాయి. చివరకు 35 పీపీటీ ప్రామాణిక ద్రావణం (లవణత కచ్చితంగా తెలిసిన నీరు) చుక్క వేసి చూస్తే మీటరులో నీలం, తెలుపు కలిసే గీత 31 దగ్గర నిలిచింది. అంటే మీటరు 35 అని చూపినప్పుడు తొట్టిలో నిజంగా ఉన్నది సుమారు 39. మార్చడానికి కలిపే కొత్త నీటిని కూడా అదే మీటరుతో కొలిచారు కనుక, నీరు మార్చిన ప్రతిసారీ అదే తప్పు మళ్లీ తొట్టిలోకి చేరింది. అందుకే నీరు మార్చినా గుణం కనిపించలేదు.
పరిష్కారం: ప్రామాణిక ద్రావణాన్ని, మీటరును గది ఉష్ణోగ్రతలో కాసేపు ఉంచండి. మీటరు మీద చుక్క వేసే గాజు పట్టకాన్ని మంచినీటితో కడిగి మెత్తని గుడ్డతో తుడిచి, రెండు మూడు చుక్కలు వేసి, రేకు కింద గాలి బుడగలు లేకుండా మూసి, అర నిమిషం ఆగి, గీత 35 మీదికి వచ్చేలా మర తిప్పండి. ద్రావణం దొరకకపోతే ఏమీ కలపని స్వచ్ఛమైన ఉప్పు 3.65 గ్రాములను 96.35 గ్రాముల శుద్ధజలంలో కరిగించండి. కాంతిని వంచడంలో అది 35 పీపీటీ సముద్రపు నీటికి సమానం. నీటి సాంద్రతను బట్టి లవణత చూపే హైడ్రోమీటర్లకు మాత్రం ఈ ద్రావణం వాడవద్దు. తరువాత తొట్టిలో నీటిని గుర్తు వరకు నింపి కొలవండి. లవణత ఎక్కువగా ఉంటే ఒక్కసారిగా దింపకండి: 39 ఉన్న 20 లీటర్ల తొట్టిలో రోజుకు అర లీటరు తీసి, అంతే ఆర్‌ఓ నీరు పోస్తే ఇంచుమించు ఒక పీపీటీ తగ్గుతుంది. తక్కువగా ఉంటే, ఆవిరైన నీటి స్థానంలో కొన్నాళ్లు ఉప్పునీరు పోస్తూ మెల్లగా పెంచండి. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరు వాడేవారు ముల్లుకు అంటిన బుడగలను రాల్చకుండా చదవకూడదు. బుడగలు దాన్ని పైకి లేపి, లేని ఉప్పును చూపిస్తాయి.

సమస్య: సెలవుల తరువాత జీవులు నీరసించాయి.
కారణం: ఏసీ ఆగిపోయి నీరు వేడెక్కి ఉంటుంది. హీటరు చలిని ఆపుతుంది కానీ వేడిని ఆపలేదు.
పరిష్కారం: 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచండి. చిన్న ఫ్యాను చల్లబరుస్తుంది, కానీ నీటిని మరింత ఆవిరి చేస్తుంది కనుక గుర్తును రోజూ చూడాలి.

సమస్య: ఇసుక మీద ఎర్రటి జిగురు పొర.
కారణం: మేత ఎక్కువ, నీటి కదలిక తక్కువ. దారినపోయే సహోద్యోగులు చిటికెడు చొప్పున వేసే మేత కూడా లెక్కలోకి వస్తుంది.
పరిష్కారం: మేత డబ్బాను సొరుగులో పెట్టి, పంపు ముఖాన్ని ఆ పొర వైపు తిప్పి, నీరు మార్చేటప్పుడు పొరను గొట్టంతో లాగేయండి. కొత్త తొట్టిలో కనిపించే గోధుమరంగు పొర వేరు, అది దానంతటదే పోతుంది.

కిటికీలు మూసిన గదిలో మనుషుల ఊపిరి వల్ల పీహెచ్ కొంత తక్కువగా కనిపించవచ్చు. దానికి మందులు పోయకండి. రాగి కలిసిన నీరు, గది సువాసన స్ప్రేలు, పాడైన హీటరు నుంచి కరెంటు లీకు వంటివి అరుదు. మీటరును 35 ద్రావణంతో సరిచూసిన తరువాతే వాటి దాకా వెళ్లండి.