రంగు కొట్టే ముందు ప్రైమర్‌ని రుద్దడం

కారు రంగు సరిగ్గా రాలేదంటే చాలామంది స్ప్రే గన్‌ని తిడతారు, లేదంటే రంగు డబ్బాని తిడతారు. నేనైతే ముందు ప్రైమర్ (రంగు కింద వేసే పూత) ఎవరు రుద్దారని అడుగుతాను. ప్రైమర్‌కి మెరుపు ఉండదు కాబట్టి చిన్నచిన్న పల్లాలు కంటికి ఆనవు. రంగు మీద క్లియర్ (మెరుపునిచ్చే పారదర్శక పూత) పడగానే అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి, అప్పటికి చేసేదేమీ ఉండదు.

ఇక్కడ చెప్పేది హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే టూకే ప్రైమర్ గురించి. అది ఎంతసేపు ఆరాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ లెక్క పాటించండి. చలిగా ఉంటే ఇంకా ఎక్కువసేపు వదిలేయండి. వేలికి అంటుకోవడం లేదు కదా అని మొదలుపెట్టకండి. లోపల మిగిలిన థిన్నర్ తర్వాత మెల్లగా బయటికి పోతుంది, ప్రైమర్ కిందికి కుంగుతుంది, పుట్టీ పెట్టిన చోట అంచు గీత రంగు మీద తేలుతుంది. ఒక మూల 400 నంబర్ శాండ్‌పేపర్‌తో నాలుగు సార్లు రుద్ది చూడండి (నంబర్ పెరిగేకొద్దీ పేపర్ నునుపు). పొడి పిండిలా రాలితే ఆరినట్టే. పేపర్ మీద చిన్న ఉండలు కట్టి అతుక్కుంటే ఇంకా ఆరలేదు, టీ తాగి రండి.

ఆరాక గైడ్ కోట్, అంటే ఎత్తుపల్లాలు పట్టిచ్చే నల్ల పూత వేయాలి. ఇది మానేసేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యం. నల్ల పొడిని ప్యాడ్‌తో ప్యానెల్ అంతా పూయడమే పని. పొడి లేకపోతే నల్ల స్ప్రే డబ్బాని దూరంగా పట్టుకుని పలచగా తుంపరలు పడనివ్వండి, కానీ స్ప్రే రంగు పేపర్‌ని త్వరగా పూడ్చేస్తుంది. అందుకే నా ఓటు పొడికే.

ఇక బ్లాక్, అంటే పేపర్ చుట్టి పట్టుకునే దిమ్మ. చదునుగా ఉన్న చోట గట్టి బ్లాక్, వంపు ఉన్న చోట మెత్తది. వేళ్ల కింద పేపర్ పెట్టుకుని మాత్రం రుద్దొద్దు, వేళ్ల ఒత్తిడికి పొడుగ్గా గాడులు పడతాయి. 320 నంబర్ పేపర్‌తో మొదలుపెట్టి, ఏటవాలుగా ఇటు నుంచి అటు, మళ్లీ అటు నుంచి ఇటు, పొడుగైన చేతి ఊపుతో పోనివ్వండి. గుండ్రంగా తిప్పొద్దు. బలం కూడా పెట్టొద్దు. కోత పేపర్ చూసుకుంటుంది, అరిగిపోతే కొత్త ముక్క తీసుకోండి.

రుద్దుతుంటే నలుపు పోతూ వస్తుంది. ఎక్కడ మిగిలిందో అక్కడే చూడాలి. సూదిమొన చుక్కల్లా మిగిలితే అవి పిన్‌హోల్స్, సన్నటి పుట్టీ పూసి పూడ్చాలి. నారింజ తొక్కలా చుక్కచుక్కలుగా మిగిలితే ప్రైమర్ గరుకుగా పడిందన్నమాట, ఇంకొంచెం రుద్దితే పోతుంది. బొటనవేలంత మచ్చ మిగిలితే అది పల్లం. దాన్ని పోగొట్టాలని ఆ చోటే పట్టుకుని రుద్దితే పల్లం ఇంకా పెద్దదవుతుంది. చుట్టూ రుద్దండి. మచ్చ పోకముందే చుట్టూ పుట్టీయో ఇనుమో కనిపిస్తే ఆపేయండి, అక్కడ మళ్లీ ప్రైమర్ పడాల్సిందే. కంటికంటే అరచేయి నమ్మకం. అరచేతి కింద పలచటి బట్ట పెట్టుకుని కళ్లు మూసుకుని, వేళ్లతో కాకుండా మొత్తం అరచేత్తో ప్యానెల్ పొడవునా నిమరండి. పల్లం ఉంటే చెయ్యి దిగినట్టు తెలుస్తుంది.

డోర్ మీద ఉండే గీత లాంటి మడత దగ్గర జాగ్రత్త. శిఖరం మీద ప్రైమర్ పలచగా ఉంటుంది, రెండు రుద్దులకే తెగిపోతుంది. మడత వెంబడి మాస్కింగ్ టేప్ వేసి కింది భాగం ముందు రుద్దండి, తర్వాత టేప్ ఇటు మార్చి పై భాగం. చివర టేప్ తీసేసి మడతని చేత్తో తేలిగ్గా తాకినట్టు ఒకటి రెండు సార్లు, అంతే.

320 అయ్యాక మళ్లీ గైడ్ కోట్ వేసి 400, మళ్లీ వేసి 600. విసుగే, ఒప్పుకుంటాను. కానీ 320 గీతల్లో ఇరుక్కున్న నలుపు పూర్తిగా పోయేదాకా 400 పని అయిపోనట్టే. నేరుగా 320 నుంచి 800కి దూకితే గీతల తలలు మాత్రమే నునుపవుతాయి, అడుగులు అలాగే ఉండి రంగులోంచి కనిపిస్తాయి. మెటాలిక్ రంగుకి 600 పొడిగా గాని, 800 నీళ్లతో గాని ముగించండి. సిల్వర్ అయితే మరీ జాగ్రత్త, అది ఏ గీతనీ క్షమించదు.

నీళ్లతో రుద్దేది చివరి దశలోనే. పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది, బయటపడ్డ ఇనుముకి తుప్పు పడుతుంది, కాబట్టి అవి కనిపిస్తున్నంతవరకు పొడిగానే కానివ్వండి. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, వాటర్ పేపర్‌ని కాసేపు నానబెట్టి వాడండి. బురదని రబ్బరు పట్టీతో లాగేయండి. అంచుల్లో ఆరిపోయిన బురద గన్ గాలికి ఎగిరి తడి రంగు మీద పడుతుంది. బ్లాక్ చేరని హ్యాండిల్ గుంటలు, అంచులు బూడిద రంగు స్కఫ్ ప్యాడ్‌తో (గరుకు పీచు ప్యాడ్) రుద్దండి.

పొడిగా రుద్దేటప్పుడు దుమ్ము మాస్క్ చాలు. ప్రైమర్ కొట్టేటప్పుడు చాలదు, ఎందుకంటే హార్డెనర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసైనేట్ ఉంటుంది. బయటి నుంచి గాలి వచ్చే మాస్క్ ఉండాలి.

అంచుల్లో ఎక్కడైనా ఇనుము తేలితే దాని మీద నేరుగా రంగు వేయొద్దు. ఆ చుక్క మేరకు ఎపాక్సీ ప్రైమర్ వేసి, ఆరాక తేలిగ్గా రుద్ది కలిపేయండి. తర్వాత గాలితో ఊది, గ్రీజు తీసే క్లీనర్‌తో తుడవండి. ఒక బట్టతో తడిపి, అది ఆరకముందే ఇంకో శుభ్రమైన బట్టతో తీసేయాలి. అప్పటినుంచి ఒట్టి చేత్తో తాకొద్దు. చివరగా ట్యాక్ క్లాత్‌ని (దుమ్ము పట్టే జిగురు బట్ట) నొక్కకుండా మెల్లగా ఈడ్చండి, నొక్కితే దాని జిగురు ప్రైమర్‌కి అంటుతుంది.